ఆవిరిబొజ్జ జాతి

ఇది ఒక అక్కా తమ్ముడి కథ. తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. గుండ్రటి అద్దాన్ని యంత్రానికి పట్టి, ఫ్రేముకు సరిపడా అంచులు చెక్కి, బిగించి, కొన్నవాళ్ళ ముక్కు మీద పెట్టి, వంకరుంటే కాడలు వంచి సరిచేస్తాడు. పదేళ్ళుగా అదే పని. పనిమంతుడే, కాదనను. కాకపోతే అన్నం వేళ మిగతావాళ్ళంతా కబుర్లు చెప్పుకుంటుంటే ఈయన వెనక గదిలో ఫోను పట్టుకుని డ్రాగన్లను పుట్టిస్తూ ఉంటాడు. ముప్పై రెండేళ్ళు వచ్చిన మనిషికి ఇదేం పని అంటారేమో. కొందరు పేకాడతారు, కొందరు పక్కింటివాళ్ళ సంసారం మీద ఓ కన్నేసి ఉంచుతారు. వాటితో పోలిస్తే డ్రాగన్లు నయమే.

ఏడు సంపుటాల నవల ఒకటుంది. అందులోని చరిత్ర మన చరిత్రలాంటిదే. అలాంటి రాజ్యాలే, అలాంటి యుద్ధాలే, అలాంటి కరువులే. ఒక్కటే తేడా, అక్కడ డ్రాగన్లున్నాయి. టపా అవే మోశాయి, ఉప్పు అవే మోశాయి, కోటలకు కాపలా అవే కాశాయి. అందువల్ల రైలు కనిపెట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. రాసినాయన ఐదు జాతుల్ని వర్ణించి ఊరుకున్నాడు. పాఠకులు ఊరుకోలేదు. 'గూడు' అని ఇంటర్నెట్‌లో ఒక బృందం పెట్టుకుని మిగతా జాతులన్నీ తామే పుట్టించడం మొదలుపెట్టారు. ఒక్కో జాతికి ఒక్కో పత్రం. పొడవెంత, తిండేమిటి, ఏ పని చేస్తుంది, లోపమేమిటి, డ్రాగన్ల సభలో హోదా ఏమిటి, చివరగా పొదిగిన గుడ్లెన్ని. వీటి మీద వాళ్ళు చేసే వాదులాట అంతా ఇంతా కాదు. ముసలిదై ఎగరలేని టపా డ్రాగన్‌కు ఎండ తగిలే కోట పైకప్పు ఒకటి ఊరికే ఇవ్వాలా వద్దా అని మూడు నెలలు కొట్టుకున్నారు. చివరికి ఇవ్వాలనే తేల్చారు, మంచివాళ్ళే.

గూట్లో ఎవరూ అసలు పేరుతో ఉండరు. తమ్ముడి పేరు నిప్పుకోడి. దుకాణం యజమాని "ఒరే అద్దాలూ" అని కేకేస్తాడు గానీ, గూట్లో మాత్రం అతను 'నిప్పుకోడి గారు'. పదకొండేళ్ళలో పంతొమ్మిది జాతులు పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన పత్రాలు చూసి రాయడం నేర్చుకునేవాళ్ళు. లోకంలో అతన్ని గారు అని పిలిచే చోటు అదొక్కటే.

గూటికి రెండు కట్టుబాట్లున్నాయి. మొదటిది, బతికున్న మనిషిని డ్రాగన్ చేయకూడదు. పూర్వం ఒకాయన సొంత మేనమామను నోటికంపు జాతిగా రాస్తే, ఆ మేనమామ ఆస్పత్రి మంచం మీంచి లేచొచ్చి మరీ వీపు చితక్కొట్టాడట. రెండోది, గూట్లో పెట్టిన గుడ్డు, అంటే రాసిన పత్రం, గూటిదే, పెట్టినవాడు వెనక్కి తీసుకోలేడు. మొదటి కట్టుబాటు తప్పానని ఎవరైనా తనంతట తాను ఒప్పుకుంటే మాత్రం, ఆ మనిషి ఎదురుగా కూర్చుని పత్రమంతా చదివి వినిపించాలి. ఆ మనిషి ఏం చేయమంటే అది చేయాలి. తప్పు చేసినవాడి పేరు మాత్రం అతను పెట్టిన జాతులన్నింటి మీంచీ చెరిపేస్తారు. ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

ఇక అక్క సంగతి. ఆమె తమ్ముడికంటే పద్నాలుగేళ్ళు పెద్ద. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, అక్కే పెంచింది. తర్వాత ఆమెకు పెళ్ళయింది, పిల్లలు కలగలేదు, ఆ మొగుడు తన దారి తాను చూసుకున్నాడు. ఆ మాట అక్కాతమ్ముళ్ళ మధ్య ఎప్పుడూ రాదు. ఇప్పుడు లాండ్రీ నడుపుతోంది, ఆస్పత్రి దుప్పట్లు, హోటల్ తువ్వాళ్ళు. కింద బాయిలరూ ఇస్త్రీ యంత్రాలూ, పైన ఆమె ఉండే రెండు గదులు. ఆవిరిలో ఉండి ఉండి ముఖం ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది. ఎడమ చెవి వినపడదు, అందుకని గొంతు పెద్దది. ఆమె రహస్యం చెబితే వీధి మలుపు దాకా తెలుస్తుంది.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆ గొంతుతోనే తమ్ముడి దుకాణానికి వచ్చింది. కళ్ళు పరీక్షించే అమ్మాయి కొత్తగా చేరిన రోజులవి. తమ్ముడు ఆ అమ్మాయికి ఫ్రేముల గురించి ఏదో గంభీరంగా వివరిస్తున్నాడు.

"ఒరేయ్ నాన్నా, మూతికి పాలు అంటుకున్నాయిరా! పొద్దున్నించీ ఇలాగే తిరుగుతున్నావా?" అంటూ భుజం మీది తువ్వాలుతో, దుకాణమంతా చూస్తుండగా, మూతి తుడిచేసింది. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది.

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. వెనక గదిలోకి వెళ్ళి పది నిమిషాల్లో రాసేశాడు.

'ఆవిరిబొజ్జ. పొడవు తక్కువ, చుట్టుకొలత ఎక్కువ. తడిలో ఉండి ఉండి నిప్పు ఆరిపోయిన జాతి, నోరు తెరిస్తే ఆవిరి తప్ప మంట రాదు. ఎడమ చెవి పనిచేయదు. దీని గొంతుకు శత్రువులు బెదరరు, మిత్రులు పారిపోతారు. పని: మిగతా డ్రాగన్ల రెక్కలు ఉతికి ఆరబెట్టడం. లోపం: పక్క గూటి పిల్లలు గూడు తడిపితే ఆ తడి నాదేనని ఒప్పేసుకుంటుంది. సభలో హోదా: లేదు. తాను గుడ్లు పెట్టదు గానీ, ఎవరి గుడ్డు కనబడినా ఎక్కి కూర్చుంటుంది. పొదిగిన గుడ్లు: లెక్కలోకి రావు.'

గూడు గూడంతా విరగబడి నవ్వింది. పంతొమ్మిది జాతుల్లో మరి దేనికీ రాని పేరు దీనికొచ్చింది. 'ఎవరి గుడ్డు కనబడినా' అన్న వాక్యాన్ని చాలామంది తమ పేర్ల కింద పెట్టుకున్నారు. ఒకావిడ అరవై పేజీల కథ రాసింది. అందులో ఆవిరిబొజ్జ ఒకటి డ్రాగన్ల సభకు వెళ్ళి తనకూ ఓటు కావాలంటుంది. "నీ గుడ్డేదీ?" అని అధ్యక్షుడు అడుగుతాడు. సభంతా పగలబడి నవ్వితే అది గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. తమ్ముడు చదివి 'అద్భుతం' అని రాశాడు. ఆ పూట అక్క పంపిన అన్నం తింటూనే రాశాడు.

చెప్పొచ్చేదేమిటంటే, రెండేళ్ళలో అతను అది అక్క అన్న సంగతి మరిచిపోయాడు. మరిచిపోవడం అతనికి సులువుగానే వచ్చింది.

అక్కకు చదువుకునే అద్దాలు కావలసొచ్చాయి. తమ్ముడే అరగదీసి, మంచి ఫ్రేము ఏరి, మధ్యాహ్నం లాండ్రీకి తీసుకెళ్ళాడు. లోపల బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు దుప్పట్లు మడతలు పెడుతున్నారు. అందులో యాభై దాటిన ఒకావిడ, అందరూ మడతలామె అంటారు, ఫోను గోడకు ఆనించి గట్టిగా చదువుతోంది. అక్క ఇస్త్రీ యంత్రం దగ్గర కుడిచెవి అటు తిప్పి వింటోంది.

"రా తమ్ముడూ, నువ్వూ విను. డ్రాగన్లలో మన లాండ్రీ జాతి ఒకటుందట!" అంది మడతలామె. "ఎవరో నిప్పుకోడి అట రాసింది. మొన్నే దొరికింది నాకు. పొట్ట చెక్కలైపోతోందనుకో."

తమ్ముడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మడతలామె బొజ్జ గురించి చదివింది, చెవి గురించి చదివింది. ఆడవాళ్ళు నవ్వుతున్నారు. లోపం దగ్గరికొచ్చేసరికి అక్క చేతిలో యంత్రం పిడి ఒక్క క్షణం ఆగింది. మడతలామె ఆగకుండా గుడ్ల వాక్యం కూడా చదివేసింది. బల్ల దగ్గర నవ్వు సగంలో తెగింది. అందరూ అక్క సంగతి ఎరిగినవాళ్ళే. చదివినావిడ నాలుక కరుచుకుంది.

అక్క అందరికంటే గట్టిగా నవ్వేసింది. "కూర్చోనివ్వవే పాపం! బరువు దానిదేగా, గుడ్డుకేం నొప్పి?" అంది. దాంతో అందరికీ ఊపిరొచ్చింది. "రాసినవాడెవడో గానీ లాండ్రీ ఎరిగినవాడే," అంటూ తమ్ముడి వైపు తిరిగింది. "తెచ్చావా నా కళ్ళు?"

కళ్ళజోడు పెట్టి సరిచేయాలంటే ఎదుటి మనిషి కళ్ళలోకి తిన్నగా చూడాలి. నల్లగుడ్డు అద్దానికి ఎక్కడ తగులుతోందో చూసుకుని కాడలు వంచాలి. రోజుకు ఇరవై మందికి చేసే పని. ఆ రోజు తమ్ముడు అక్క చెవుల్ని చూశాడు, నుదుటి మీద చెమటను చూశాడు, వెనకాల బాయిలర్ గొట్టాన్ని చూశాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. "బాగానే ఉంది అక్కా" అనేసి, ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడును అలాగే వదిలేసి వచ్చేశాడు.

తిన్నగా దుకాణానికి పోలేక రెండు వీధులు ఊరికే తిరిగాడు. ఆమె నవ్వింది కదా, ఏమీ తెలియలేదు కదా అని సర్దిచెప్పుకోబోతే, తెలియక నవ్వడమే మరీ సిగ్గుచేటనిపించింది. ఎవరిని చూసి నవ్వుతున్నారో తెలియక తానూ కలిసి నవ్వే మనిషిగా అక్కను చేసింది తనే. ఆ మాట అనుకోగానే చచ్చిపోవాలనిపించింది.

మర్నాడు గూడు పెద్దకు రాశాడు. ఆయన్ని అందరూ పెద్దగోరు అంటారు.

'ఆవిరిబొజ్జను తీసేయాలి. రాత నాసిగా ఉంది.'

'నాసిగా ఉంటే మూడువేల మంది నవ్వరు. పెట్టిన గుడ్డు గూటిదే,' అని జవాబొచ్చింది.

'శాస్త్రీయంగా తప్పు. నిప్పు లేని డ్రాగన్‌కు ఆవిరి ఎలా వస్తుంది?'

'రెక్కలున్న బల్లి ఉప్పు మూటలు మోసినప్పుడు రాని అనుమానం ఇప్పుడొచ్చిందా నిప్పుకోడి గారూ? అసలు సంగతి చెప్పండి.'

అసలు సంగతి చెబితే అక్క ముందు కూర్చుని చదవాలి. పదకొండేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. తమ్ముడు ఫోను బోర్లించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్ళను చూశాం గానీ, ఆకులు ఎదురుగా ఉండి కూడా పట్టుకోనివాణ్ణి ఇతన్నే చూస్తున్నాం.

అక్క ఊరుకోలేదు. కొత్త అద్దాలు పెట్టుకుని, ముక్కు మీంచి జారితే వేలితో ఎగదోసుకుంటూ, గూడంతా తనే చదవడం మొదలుపెట్టింది. మూడోనాడు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ ఆవిరిబొజ్జకి నాలాగే ఎడమ చెవి వినపడదట, చూశావా?"

"అవునా అక్కా? వింతగా ఉందే," అన్నాడు తమ్ముడు.

"తిన్నావా?" అంది. తిన్నానన్నాడు. పెట్టేసింది.

వారం తర్వాత మళ్ళీ చేసింది. "అరవై పేజీల కథ చదివాన్రా. సభలోంచి వెనక్కి వెనక్కి నడిచి వెళ్తుంది చూడు, అక్కడ భలే రాసిందావిడ. నీకు తెలుసా ఆ కథ?"

"లేదక్కా. ఇలాంటివి నేను చదవను."

ఈ అబద్ధం ఆడాక తమ్ముడు అద్దాలు అరగదీసే యంత్రం ముందు కూర్చుని మూడు అద్దాలు వరసగా పాడుచేశాడు. యజమాని తిట్టాడు. ఆ తిట్లు హాయిగా అనిపించాయి. ఎవరైనా ఇంకాస్త తిడితే బావుండుననిపించింది. ఆ ఆదివారమూ, అంతకుముందు ఆదివారమూ భోజనానికి వెళ్ళకుండా తలనొప్పి అని ఎగ్గొట్టాడు. పద్దెనిమిదోనాడు, ఇంకో ఆదివారం, ఎగ్గొట్టడానికి నెప్పులన్నీ అయిపోయాయి. పెద్దగోరుకు ఒక్క ముక్క రాశాడు: 'మొదటి కట్టుబాటు తప్పాను. చదివి వినిపించడానికి వెళ్తున్నాను.' జవాబు కోసం ఆగితే కాళ్ళు వెనక్కి తిరుగుతాయని, వెంటనే బయల్దేరాడు.

సెలవు కాబట్టి బాయిలర్ చల్లగా ఉంది. అక్క కింద బల్ల దగ్గరే ఒంటరిగా కూర్చుని చిరిగిన తువ్వాళ్ళు ఏరుతోంది. తమ్ముడు ఆమెకు కుడివైపు స్టూలు లాక్కున్నాడు.

"అక్కా, నీకొకటి చదివి వినిపించాలి. నేను రాసిందే."

అక్క తువ్వాలు పక్కన పెట్టింది. ఏమీ ఆశ్చర్యపోకుండా "చదువు," అంది.

చదవడం మొదలుపెట్టాడు. ఇంత చిన్న పత్రం అంత పొడవుంటుందని అతనికి తెలియదు. మిత్రులు పారిపోతారు అన్నచోట నీళ్ళు తాగాడు. లోపం చదివాడు, హోదా లేదని చదివాడు, గుడ్ల వాక్యం దాటేసి, "పొదిగిన గుడ్లు, లెక్కలోకి రావు" అని ముగించాడు.

"ఒక ముక్క మింగేశావు," అంది అక్క.

తమ్ముడు తల దించుకున్నాడు.

"అదీ చదువు. గట్టిగా చదువు, నాకు చెవుడు."

చదివాడు. ఎవరూ లేని లాండ్రీలో ఆ వాక్యం గోడలకు తగిలి మళ్ళీ వినపడింది. రెండేళ్ళుగా మూడువేల మంది నవ్విన మాటలో నవ్వొచ్చేదేమీ అతనికి కనబడలేదు.

"నేనని నీకెప్పుడు తెలిసింది అక్కా? చెవి చూసి పోల్చావా?"

"చెవిటివాళ్ళు లోకంలో బోలెడుమంది. గూడు తడిపిన చోట తెలిసింది. మడతలామె చదువుతుంటేనే."

తమ్ముడికి అర్థం కాలేదు. అది రాసేటప్పుడు ఏదో చమత్కారం దానంతటదే తట్టిందనుకున్నాడు, అంతే.

"గుర్తులేదా నీకు? అమ్మ పోయాక పిన్ని వాళ్ళింట్లో ఉన్నాం కదా. ఏడేళ్ళొచ్చినా పక్క తడిపేవాడివి. తెలిస్తే పిన్ని వాత పెడుతుందని, పొద్దున్నే లేచి చెంబెడు నీళ్ళు నేనే తన్నేశానని చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళదాన్ని, రోజూ చెంబు తన్నుతానా? ఊరంతా నాకు కాళ్ళూ చేతులూ కుదురు లేవని చెప్పుకున్నారు. ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. వినగానే, వీడేరా అనుకున్నా."

తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది. చల్లటి దుప్పటి, ఎవరో మెల్లగా తనను పొడి వైపుకు దొర్లించడం, వాకిట్లో పిన్ని తిట్లు. ఆ తిట్లు ఎవరిమీదో అప్పుడు ఆలోచించలేదు. ఇన్నేళ్ళూ ఆలోచించలేదు. పైగా దాన్ని లోపం అన్న మాట కింద రాశాడు.

"మరి నవ్వావెందుకు అక్కా?" అన్నాడు.

"నువ్వు గుమ్మంలో నిలబడ్డావుగా, ముఖం పాలిపోయి. నేను నవ్వకపోతే వాళ్ళకి తెలిసిపోదూ, ఎవడు రాశాడో?"

తమ్ముడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అక్క ఆ చేతులు తీయలేదు, వీపు నిమరలేదు.

"బాధేసింది రా," అంది. "అబద్ధమెందుకు చెప్పాలి? పైకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. రాసినందుకు కాదు. కోపంలో నోరు జారనివాడెవడు? రెండుసార్లు ఫోన్ చేసి దారిచ్చాను. ఒకసారి వింతగా ఉందే అన్నావు, ఇంకోసారి నేను చదవనన్నావు. అదీ నాకు గుచ్చుకుంది."

"తీసేయమంటావా? నువ్వు ఏమంటే అదే చేస్తారు. అది కట్టుబాటు."

అక్క జారుతున్న కళ్ళజోడును వేలితో పైకి తోసుకుంది.

"తీసేస్తే ఆ కథ రాసినావిడ అరవై పేజీలూ పోతాయిగా. వద్దు. బొజ్జ ఉండనీ, ఉన్నదేగా. చెవీ ఉండనీ. చివర్న ఏదో ఉందే, పొదిగిన గుడ్లు అని. అక్కడ తప్పు రాశావు. అది దిద్దు."

"ఏమని?"

"ఒకటి, అని రాయి."

తమ్ముడు ఫోను తీశాడు. 'లెక్కలోకి రావు' అన్న మాటలు కొట్టేసి 'ఒకటి' అని రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది, అక్షరాలు కనబడక. పంపించాడు. కాసేపటికి పెద్దగోరు జవాబొచ్చింది: 'దిద్దాం. కట్టుబాటు ప్రకారం మీ పేరు అన్నిచోట్లా చెరిపాం.' పంతొమ్మిది జాతుల కిందా 'పెట్టినవారు తెలియదు' అని ఉంది. పేరు పోయినందుకు ఏడుపొస్తుందనుకున్నాడు. తీరా చూస్తే, దాన్ని కాపాడుకోవడానికి పద్దెనిమిది రోజులు తీసుకున్నందుకే వచ్చింది.

"అయిందా?" అంది అక్క.

"అయింది."

"అయితే ఇది చూడు." కళ్ళజోడు తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్విచ్చిన రోజునుంచీ జారుతూనే ఉంది. అంత పనిమంతుడివి, ఇదేం బిగింపురా?"

జేబులో చిన్న పట్టకారు ఉంది. తమ్ముడు ముక్కు దగ్గరి ప్యాడ్లు నొక్కాడు, కాడలు లోపలికి వంచాడు, అక్క ముఖానికి పెట్టాడు. కుదరలేదు. మళ్ళీ తీసి వంచాడు. మళ్ళీ పెట్టాడు.

"కిందకి చూస్తూ చేస్తే ఎలా కుదురుతుంది?" అంది అక్క.

తమ్ముడు తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు.